ప్రార్థన కొండ నుండి కరువు కాలువ దాకా



పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక బయట చెప్పులు వేసుకుంటూ ఒక తమ్ముడు నన్ను ఆపాడు. పూనాలో సెంట్రింగు పని చేసి నెల కింద ఊరికి వచ్చినవాడు. "అయ్యగారూ, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. సంస్థలోళ్లు ప్రార్థన లేకుండనే బియ్యం పంచుతున్నరు, బోర్లు ఏస్తున్నరు. మనం గంటలు గంటలు మోకాళ్ల మీద ఉంటున్నం. మన ప్రార్థనతోని ఎవరి కడుపన్న నిండిందా?" అన్నాడు. వెటకారంగా అడగలేదు. వాళ్ల వాడకట్టులో రెండిళ్లలో పొయ్యి వెలగడం లేదని అతనికి తెలుసు, నాకు అప్పటికి తెలియదు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఎత్తి అప్పటికప్పుడు ఏదో జవాబు చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ జవాబు నాకే సరిపోలేదు.

అందుకే ఈ వారం ప్రసంగంలాంటిది కాకుండా, మన సంఘాల చరిత్రలో నుంచి ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో కొంత మీరు సండే స్కూల్లో విన్నదే. విననిది కూడా కొంత ఉంటుంది.

మన పాలమూరు, నల్గొండ సంఘాల మూలం వెతుక్కుంటూ పోతే కృష్ణ దాటి, నల్లమల దాటి, ఒంగోలు నెల్లూరుల దగ్గర తేలుతాం. అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషన్ అక్కడే వేళ్లూనింది. ఆ చెట్టు కొమ్మలే 1885లో పాలమూరుకూ, 1890లో నల్గొండకూ పాకాయి. అప్పటికి మహబూబ్‌నగర్ అన్న పేరు లేదు, పాలమూరే. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో తెలుగు దేశానికి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఆ తరువాత ఏళ్లకు ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలం కనబడలేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో మిషన్ పెద్దలు కూర్చున్నప్పుడల్లా ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న మాట వచ్చేది. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో కూడా అదే చర్చ. మిషన్ పటం మీద నెల్లూరు ఒంటరి చుక్కలా కనబడుతుందని దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. శామ్యూల్ స్మిత్ అనే భక్తుడు ఆ పేరు మీదే ఒక పద్యం రాసి సభలో వినిపించాడట. మిషన్ నిలిచింది.

ఆ తరువాతి మాట మీకు తెలుసు. 1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఒంగోలు ఊరి పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఆ రోజుకు ఒంగోలులో సంఘం లేదు, మిషన్ బంగళా లేదు, మిషనరీ లేడు. కొండ మీద నిలబడి కింద కనబడే ఊళ్ల కోసం ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. నాగజెముడు కమ్ముకుని ఉన్న ఒక మిట్టను చూపించి అక్కడ మిషన్ బంగళా వస్తుందని జూయెట్ దొర జూలియమ్మతో అన్నాడని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఆ కొండను ప్రార్థన కొండ అంటారు. మనవాళ్లు బస్సు కట్టించుకుని పోయి చూసి వచ్చారు కూడా.

ఒక్క మాట. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్లు, ముగ్గురు స్త్రీలు. మనం మాత్రం జూయెట్ దొర ప్రార్థన కొండ అనే చెప్పుకుంటాం.

ప్రసంగాల్లో ఈ కథ చెప్పేటప్పుడు మేము, అంటే మా సేవకులం, ఒక తప్పు చేస్తాం. 1854 జనవరి నుంచి నేరుగా 1878 జూలైకి దూకుతాం. కొండ మీద ప్రార్థించారు, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది, హల్లెలూయా! మధ్యలో ఇరవై నాలుగేళ్లు మింగేస్తాం. మన తమ్ముడి ప్రశ్నకు జవాబు నాకు దొరికింది ఆ ఇరవై నాలుగేళ్లలోనే.

కొండ దిగాక ఏమీ జరగలేదు. పన్నెండేళ్లు ఒంగోలులో మిషనరీ కాపురం లేదు. జూయెట్ దొర ఆరోగ్యం చెడి 1862లో అమెరికా వెళ్తే అక్కడ మళ్లీ మూసేద్దామన్న మాటే ఎదురైంది. మీరు పంపకపోయినా నేను తిరిగి పోతాను, ఆ తెలుగువాళ్ల మధ్యే చస్తాను అని ఆయన పట్టుబట్టాడు. 1865లో తిరిగి వచ్చినప్పుడు వెంట ఒక యువకుణ్ణి తెచ్చాడు. పేరు జాన్ క్లౌ. మరుసటి ఏడాది క్లౌ దొర ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం కట్టారు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి, అంతకుముందే భక్తి మార్గంలో గురువుల దగ్గర వెతుక్కున్నవాడు, ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్పాడు. నిజానికి ఉద్యమాన్ని భుజాన మోసింది ఆయనలాంటివాళ్లే.

క్లౌ దొర గురించి ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. సేవకు రాకముందు ఆయన అమెరికాలో ప్రభుత్వ సర్వే పనిలో ఉన్నాడు. గొలుసు పట్టి భూమి కొలవడం, మట్టి లెక్క కట్టడం తెలిసిన మనిషి. బైబిలు చేతపట్టాక ఆ విద్య ఇక పనికిరాదని ఆయనా అనుకుని ఉండవచ్చు.

1876. ధాత నామ సంవత్సరం. మన ముసలివాళ్ల నోట వినబడే ధాత కరువు అదే. వానలు మొఖం చాటేశాయి. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కన్, నిజాం రాజ్యపు దక్షిణ, పడమటి జిల్లాలు, అన్నీ ఎండిపోయాయి. రెండేళ్లకు పైగా సాగిన ఆ కరువులో లక్షల మంది చనిపోయారు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించి గొప్ప దర్బారు చేశారు. ఆ నెలలోనే కరువు పనుల ఖర్చు తగ్గించమని వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, రోజంతా కష్టపడే మగవాడికి ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలోకు కొంచెం తక్కువ. మట్టి మోసే మనిషికి అర కిలో గింజలు సరిపోతాయా లేదా అన్నది పాలమూరు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు క్లౌ దొర ఏం చేశాడు? ప్రార్థన మానలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సముద్రం ఒడ్డు వెంట మద్రాసు వైపు పోయే పడవల కాలువ అది. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్నది. దొర తనకు తెలిసిన కొలత విద్య బయటికి తీశాడు. తన దగ్గరున్న బోధకులను మేస్త్రీలను చేశాడు. గుడిసెలు వేయించాడు. ఎముకలు బయటపడ్డ జనం ఊళ్ల నుంచి నడిచి వచ్చారు. వేలమంది. దారిలో పడిపోయినవాళ్లు పడిపోగా వచ్చినవాళ్లు పనిలో చేరారు.

ఆ దృశ్యం ఊహించుకోవడానికి నాకు పుస్తకం అవసరం లేదు. మా నాయన నాగార్జునసాగర్ కట్ట మీద మట్టి మోశాడు. గడ్డపార వేసేవాడు ఒకడు, పారతో తట్టకు ఎత్తేవాడు ఒకడు, తట్టలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కే ఆడవాళ్ల వరస, కొలత కోసం మధ్యలో వదిలేసే మట్టి దిమ్మె, సాయంత్రం టేపు పట్టుకుని వచ్చే మేస్త్రీ. ఆ మేస్త్రీ కొలతలో ఒక జానెడు మింగితే గుంపు మొత్తానికి ఒక పూట గట్క పోతుంది. పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలుసు. ఎన్ని ఆనకట్టల్లో, ఎన్ని కాలువల్లో మనవాళ్ల చెమట ఉందో ఎవరూ రాయలేదు. ఆ పని తెలిసినవాడిగా చెబుతున్నాను, కరువు నాటి కూలికి బోధకుడు మేస్త్రీగా దొరకడం చిన్న సంగతి కాదు. మధ్యాహ్నం కాసేపు తట్టలు దించినప్పుడు ఆ మేస్త్రీలే పక్కన కూర్చుని క్రీస్తు మాట చెప్పేవారు. వినేవాడు వినేవాడు, నిద్రపోయేవాడు నిద్రపోయేవాడు. వినకపోతే కూలి కోసేది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కాలువ గట్టున విన్నవాళ్లు, వాళ్ల బంధువులు, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడగడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు కాదు, గుంపులు గుంపులుగా. ఆలోచించండి ప్రియులారా. ఈ మిషన్ నలభై ఏళ్లుగా దీని కోసమే కన్నీళ్లు కార్చింది. కొండ మీద ప్రార్థించింది దీని కోసమే. మూసేద్దామని అన్నవాళ్ల నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది? క్లౌ దొర వద్దన్నాడు. కరువు సహాయం తన చేతి మీదుగా పోతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనని ఆపేశాడు. పదిహేను నెలలు.

ఆ పదిహేను నెలల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గిన్నె చేతిలో ఉంది, ఆకలిగొన్నవాడు ఎదుట ఉన్నాడు, వాడే నీ దేవుణ్ణి అడుగుతున్నాడు. అప్పుడు ముందు తిను, అది తరువాత మాట్లాడుకుందాం అనడానికి ఎంత ధైర్యం కావాలి! ప్రార్థన ఫలితం మన చేతిలో ఉందనుకునేవాడు ఆ మాట అనలేడు. వాడికి తొందర. ఈ రోజు రాసుకోకపోతే రేపు జారిపోతాడేమో అని భయం. ఫలితం దేవుని చేతిలో ఉందని మోకాళ్ల మీద నేర్చుకున్నవాడే అన్నం పెట్టి, దానికి బదులు ఏమీ అడగకుండా ఊరుకోగలడు. నాకు అలా అర్థమైంది.

1878లో వానలు పడ్డాయి. సహాయం పంచడం ఆగిపోయింది. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏటి దగ్గర వెలంపల్లిలో బోధకులను కలుసుకోవడానికి క్లౌ దొర వెళ్తే, వాళ్ల వెనుక జనమంతా వచ్చేశారు. ఇక పంచడానికి నా దగ్గర డబ్బు లేదు, సహాయం అయిపోయింది అని చెప్పాడు. మాకు సహాయం వద్దు అన్నారు వాళ్లు. చేతులు చాపి కాయలు కాసిన అరచేతులు చూపించారు. మేము కష్టపడి బతికాం, ఇకముందూ కష్టపడతాం, పంట పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారట. ఆ ముసలి దొర దగ్గర ఇక అభ్యంతరం మిగలలేదు. ముసలి అన్నాను గానీ అప్పటికి ఆయనకు నలభై రెండేళ్లు కూడా నిండలేదు. కరువు మనుషులను అట్లా చేస్తుంది.

జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. దొర స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. ఒడ్డున పేర్లు చదివారు. ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచారు. వెట్టిచాకిరి చేసేవాడిని 'ఒరేయ్' అని తప్ప పిలవని రోజుల్లో ఆ జాబితా చదవడమే ఒక సువార్త.

ఇంతమంది ఒక్కసారి రావడం మీద అమెరికాలోనూ అనుమానాలు వచ్చాయి. కులం బరువు దించుకోవడానికి వచ్చారని, దొర అండ కోసం వచ్చారని తరువాత చరిత్రకారులు కూడా రాశారు. అందులో కొంత నిజం ఉంటే ఉండనివ్వండి. మనిషి ఒకే కారణంతో దేవుని దగ్గరికి రాడు. అయితే అన్నం కోసం వచ్చారు అన్న మాటకు మాత్రం ఆ పదిహేను నెలలు అడ్డం నిలబడతాయి. అందుకే అది మన చరిత్రలో 2,222 కన్నా పెద్ద సంఖ్య అంటాను నేను.

ఇక మన ఇలాకాకు వస్తాను. ఎల్బర్ట్ ఛూట్ 1885లో పాలమూరులో మిషన్ తెరిచాడు. నల్గొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు మాత్రం అమెరికావాళ్లు కారు. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో, గోధుమ పండించుకునే జర్మన్ మాట్లాడే రైతు కుటుంబాలవాళ్లు. మెన్నొనైట్ బ్రెదరెన్ అంటాం చూడండి, ఆ సంఘం. అది పుట్టిందే ఇళ్లలో బైబిలు తెరిచి ప్రార్థించుకునే చిన్న చిన్న కూడికల నుంచి, 1860 జనవరిలో. (అదే నెలలో మన దేశంలోని లూధియానా మిషన్ పిలుపు మీద ప్రపంచమంతా జనవరి ప్రార్థన వారం మొదలైంది. మనం ఇప్పటికీ చేస్తున్నాం, ఎక్కడ మొదలైందో తెలియకుండా.) ఆ రైతుల కానుకలతో, బాప్తిస్టు మిషన్ నీడలో, 1890లో నల్గొండ పని మొదలైంది. తరువాత వాళ్లే సూర్యాపేట, జనగామ, భువనగిరి చేరారు. అటు అమెరికాలో స్థిరపడిన మెన్నొనైట్ బ్రెదరెన్ వాళ్లు 1899లో వచ్చి హైదరాబాదు మలక్‌పేట నుంచి మొదలుపెట్టి నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి దాకా వచ్చారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల పని కూడా బాప్తిస్టుల నుంచి వాళ్ల చేతికి వచ్చింది. ఊళ్ల పేర్లు, దొరల పేర్లు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని ఇంకోసారి రాస్తాను.

నన్ను కదిలించింది ఇంకొకటి. నల్గొండకు సేవకులను పంపిన ఆ రష్యా రైతులు ఏమయ్యారు? 1914లో యుద్ధం వచ్చింది, డబ్బు రావడం ఆగింది. విప్లవం, అంతర్యుద్ధం, దోపిడీలు, విషజ్వరం, ఆ తరువాత 1921, 22లలో ఘోరమైన కరువు. మన నల్గొండ పేదల కోసం కానుక తీసినవాళ్లు గుర్రాలను, విత్తనాలను పోగొట్టుకుని గడ్డి గాదం తినే స్థితికి వచ్చారు. అప్పుడు అమెరికాలో ఉన్న మెన్నొనైట్లు, ఒకరితో ఒకరికి పడని రకరకాల శాఖలవాళ్లు, 1920 జూలైలో ఎల్కార్ట్ అనే ఊళ్లో కూడి ఒక సహాయ సంఘం కట్టారు. మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ అంటే అదే, ఎంసీసీ అని మనం వినేది. 1922లో దాని వంటశాలల్లో రోజుకు సుమారు 25,000 మంది అన్నం తిన్నారు. దున్నడానికి గుర్రాలు లేని పొలాలకు యాభై ట్రాక్టర్లు ఓడలో పంపారు. క్లౌ దొర కొలత గొలుసు లాంటిదే ఆ ట్రాక్టరు. ఆకలిని చూసి ఏడ్చి ప్రార్థించినవాళ్లు లేచాక వచ్చే పంట గురించి ఆలోచించారు.

నెహెమ్యా అట్లాంటివాడే. యెరూషలేము గోడలు కూలిపోయాయని విని ఏడ్చి ఉపవాసముండి ప్రార్థించాడు. కిస్లేవు నెల నుంచి నీసాను దాకా, దాదాపు నాలుగు నెలలు. రాజు నోరు తెరిచి నీకేం కావాలి అనగానే తడుముకోలేదు. సెలవు ఎన్నాళ్లో చెప్పాడు, దారిలో అధికారులకు చీటీలు అడిగాడు, అడవి కాపరి దగ్గర దూలాలు ఎందుకు కావాలో చెప్పాడు. దూలాల సంగతి అతనికి ఎప్పుడు తట్టింది? ఆ నాలుగు నెలల్లోనే అని నా నమ్మకం. ప్రార్థన అతన్ని కళ్లు మూసుకుని కూర్చోబెట్టలేదు, కూలిన గోడను రాయి రాయిగా చూపించింది.

మన ప్రాంతంలో ఇట్లాంటి ప్రార్థన చేసిన ఒకామె పేరు మాత్రం చెప్పకుండా ముందుకు పోలేను. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్. రష్యాలో పుట్టి, చిన్నప్పుడే కాన్సాస్ చేరి, హోమియోపతి వైద్యం చదివి 1907లో మన దేశానికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. చివరికి శంషాబాద్ ఆసుపత్రిలో స్థిరపడింది. చాలా ఏళ్లు ఆ మిషన్ మొత్తానికి డాక్టరంటే ఆమే. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడవాళ్లకు ఆమె దగ్గర జవాబు దొరికింది. ముప్పై ఏడేళ్లు. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూసింది. జూయెట్ దంపతులు, జూలియమ్మ, రూతమ్మ, నర్సు కొండ ఎక్కిన రోజుకు సరిగ్గా తొంభై ఒక్క సంవత్సరాలు. తరువాత 1950ల మొదట్లో జడ్చర్లలో మిషన్ ఆసుపత్రి వచ్చింది. మన సంఘంలో ఇప్పుడు తాతలైనవాళ్లలో ఎందరు అక్కడ పుట్టారో మీరే లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు నా సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన ఊరికి బొంబాయి నుంచి తిరిగొచ్చినవాళ్లు, పని లేక కూర్చున్నవాళ్లు మీకు గుర్తే. ఒక దాత బియ్యం, నూనె, పప్పు పంపాడు. వ్యాను పొద్దున్నే వచ్చేసింది. ప్రార్థన తరువాత చేసుకుందాంలే అని మొదలుపెట్టాం. ప్రతి సంచీతో ఫోటో కావాలని చెప్పారు, వెనక బ్యానరు కనబడాలని చెప్పారు. నేనూ సరే అన్నాను. మైకు నా చేతిలోనే ఉంది. సంచీ అందుకున్న ప్రతివారికీ "ఆదివారం తప్పక మందిరానికి రావాలె" అని చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. మన సంఘానికి చెందని ఒక పెద్దమ్మ వరుసలో నిలబడింది. ఫోటో తీసేటప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఫోటో తీసే పిల్లవాడు "కొంగు తియ్యి అవ్వా" అన్నాడు. తీసింది.

ఆంక్షలు సడలి మందిరం తెరిచాక మొదటి ఆదివారం ఆ పెద్దమ్మ వచ్చింది. వెనక గోడకు ఆనుకుని ఆరాధన ముగిసేదాకా కూర్చుంది. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "అయ్యా, బియ్యం బాకి తీరిందా? ఇంకెన్నిసార్లు రావాలె?" అని అడిగింది.

ఆమె కోపంగా అడగలేదు. బాకీ సంగతి అడిగినట్టే అడిగింది, షావుకారు దగ్గర అడిగినట్టు. నేను ఏం చెప్పానో నాకు సరిగా గుర్తు లేదు. మా ఇంట్లో అమ్మగారు మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. క్లౌ దొర పదిహేను నెలల సంగతి చాలా ఏళ్ల కింద చదివి ఉన్నాను, ప్రసంగంలో చెప్పి ఉన్నాను. ఆ వ్యాను దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు. పది నిమిషాలు మోకరించి ఉంటే గుర్తుకు వచ్చేదా? నాకు తెలియదు. కానీ ఆ పది నిమిషాలు మేము మిగుల్చుకున్నాం, ఆమె కొంగు తీయించాం.

జార్జి ముల్లర్ గారి కథ మనమందరం చెబుతాం. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల ఇల్లు తెరిచి, మనుషులను అడగకుండా ప్రార్థనతోనే వేలమందిని పెంచిన భక్తుడు. ఆయన బావమరిది ఆంథొనీ గ్రోవ్స్ వెంటే అదే 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మన తెలుగు తీరానికి వచ్చారు, గోదావరి మిషన్ వాళ్లతో మొదలైంది. పిల్లలు బల్లల దగ్గర కూర్చున్నాక రొట్టె వచ్చిన కథ మనం చెబుతాం. ఆయన ఏటేటా ప్రతి పైసాకూ లెక్క అచ్చు వేయించి పంచిన సంగతి చెప్పం. ఇచ్చినవాళ్ల పేర్లు కూడా అందులో అచ్చు వేయలేదు. దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నది కాబట్టి లెక్క ఇంకా గట్టిగా ఉండాలని ఆయన పట్టుదల.

మన తమ్ముడికి నేను బాకీ ఉన్న జవాబు ఇంత పొడుగైంది. సంస్థలవాళ్లు ప్రార్థన లేకుండా బోరు వేస్తే నీళ్లు పడవా? పడతాయి. ఆ నీళ్లు దేవుడివే. వాళ్లకు కృతజ్ఞత చెబుదాం. నాకు ప్రార్థన ఎందుకు కావాలంటే, అది లేకపోతే నా చేతిలో సంచీ ఎరలాగా మారిపోతుందని నేను కళ్లారా చూశాను. పన్నెండేళ్లు ఏమీ జరగకపోయినా విడిచిపెట్టిపోకుండా ఉండడానికి కూడా కావాలి. మనది వాన నమ్ముకున్న నేల కదా.

మంగళవారం నాడు అతన్ని ఇంటికి పిలిచి ఇదంతా చెప్పాను. జూలియమ్మ, రూతమ్మ దగ్గర ఆపి, "గా ఆడోళ్ల పేర్లు ఎవ్వరు చెప్పరేంది?" అన్నాడు. కాలువ దగ్గర మాత్రం కదలకుండా విన్నాడు. మేస్త్రీల సంగతి అతనికి నాకన్నా బాగా తెలుసు.

ఈ శుక్రవారం నుంచి ఉపవాస ప్రార్థనలో ఒక కొత్త పద్ధతి. పొద్దున పదిగంటలకే మొదలు. మొదటి గంట, ఎవరి వాడకట్టులో ఎవరి పొయ్యి వెలగడం లేదో, ఎవరికి మందులు అయిపోయాయో, ఎవరి పిల్ల చదువు ఆగిందో పేరు చెప్పి ఆ పేరు మీద ప్రార్థన చేస్తాం. స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటి గుప్పెడు బియ్యం డబ్బా మళ్లీ పెడుతున్నారు. దూరాన ఉన్నవాళ్లు డబ్బు పంపితే సరే, ముందు మాత్రం ఒక పేరు పంపండి. చీకటి పడ్డాక ఇద్దరే వెళ్లి ఇచ్చి వస్తారు. ఫోటోలు ఉండవు. ఆదివారం రమ్మని ఎవరూ అనరు, నేను కూడా అనను.

లెక్క పుస్తకం మన తమ్ముడి చేతికి ఇచ్చాను. నిన్న రాత్రి తెరిచి చూశాను. మొదటి పేజీలో ఆ పెద్దమ్మ పేరు రాసి ఉంది.